గుర్రాన్ని చూడని గిరాకీ

గుర్రం గుడ్డిదైనా దానా తప్పదని సామెత. అందులోని బరువు గుర్రాన్ని సాకే ఇంటివారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. హైదరాబాదు వీధులలో జట్కా బండ్ల కాలం గడచిపోయినది. అయినను బరాత్‌లో వరుడు ఎక్కే గుర్రాలు ఇంకను మిగిలి ఉన్నవి. పెండ్లిళ్ళ కాలంలో ఆ గుర్రమే ఇంటిల్లిపాదికి అన్నం పెడుతుంది. మొహర్రంలోను, ఆషాఢంలోను పెండ్లిళ్ళు తగ్గిపోవును గాని దానా ఖర్చు తగ్గదు. అట్టి సమయంలో గుర్రాన్ని అమ్ముకోదలచినవాడు పూర్వం సంతకు తోలుకొని పోయేవాడు. నేడు కుమారుని చేతిలోని సెల్‌ఫోన్‌లో ఫోటోయు ధరయు పెట్టి గిరాకీ కొరకు ఎదురు చూస్తున్నాడు. వచ్చే గిరాకీలలో మోసగాణ్ణి గుర్తించుట ఎట్లు? ఈ ప్రశ్న నేడు మా వంటి విద్యార్థుల ఇండ్లలోనికే వచ్చి కూర్చున్నది.

మా సహాధ్యాయి ఒకరి ఇంట జరిగినది చెప్పెదము. అతని తండ్రి తన తెల్ల గుర్రాన్ని 80 వేల రూపాయలకు అమ్మజూపినాడు. గంట గడవకముందే ఫోన్ వచ్చినది. అవతలివాడు తాను సైన్యంలో అధికారినని చెప్పి, గుర్తింపు కార్డు ఫోటో పంపినాడు. బేరమాడలేదు. గుర్రం వయస్సు అడుగలేదు. తనకు సెలవు దొరకదని, సైనిక వాహనం వచ్చి గుర్రాన్ని తీసుకొనిపోవునని, డబ్బు ఇప్పుడే పంపెదనని అన్నాడు. మొదట 5 రూపాయలు పంపగా అవి నిజముగనే వచ్చినవి. పిదప క్యూఆర్ కోడ్ పంపి, “దీనిని స్కాన్ చేసి పిన్ నొక్కండి, 20 వేలు బయానా మీ ఖాతాలో పడును” అన్నాడు. పిన్ నొక్కగానే 20 వేలు ఖాతాలో పడలేదు, ఖాతా నుండి పోయినవి. “పొరపాటు జరిగినది, మరల స్కాన్ చేయండి, మొత్తము తిరిగి వచ్చును” అని అతడు తొందరపెట్టుచుండగా మా మిత్రుడు ఇంటికి వచ్చి, “అబ్బా, ఇక చాలు” అని ఫోన్ లాగుకొన్నాడు. లేనిచో మిగిలినదియు పోయి ఉండెడిది.

ఇందులో గ్రహింపదగినది ఒక్కటే. ఆ మనిషి మొదటి నుండి చివరి వరకు గుర్రాన్ని గురించి మాట్లాడనే లేదు. గుర్రపు బేరం మన దేశంలో ఒక శాస్త్రము. సంస్కృతంలో శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రం ఉన్నది. పారశీకంలో ఫరస్‌నామాలు ఉన్నవి. తెలుగులో మనుమంచి భట్టు అశ్వలక్షణాలను గూర్చి కావ్యమే వ్రాసినాడు. నిజముగా కొనేవాడు పండ్లు చూచి వయస్సు కట్టును, గిట్టలు ఎత్తి చూచును, సుడులు లెక్కించును, నాలుగడుగులు నడిపించి కుంటు కలదేమో పరీక్షించును, ఆపై ధర తగ్గించమని గంటసేపు పోరును. అతని పోరు మనకు విసుగు కలిగించవచ్చును గాని, అదియే అతని నిజాయితీకి సాక్ష్యము. మోసగానికి గుర్రం అక్కరలేదు. కనుక చూడడు, అడుగడు, బేరమాడడు. అతని చూపంతయు మన ఖాతా మీదనే.

దూరాన ఉన్నవారందరు దొంగలేనా అని కొందరు అడుగవచ్చును. కారు. దూరాన ఉన్న నిజమైన గిరాకీ తన బంధువునో, పశువైద్యునో పంపి గుర్రాన్ని చూపించుకొనును. ఆ మాట ఎత్తగానే విసుగుకొని తొందరపెట్టువాడు అనుమానింపదగినవాడు.

ఈ జాడ్యము మన దేశానికే పరిమితము కాదు. అమెరికాలో గుర్రాలు అమ్మేవారికి ధరకు మించిన మొత్తానికి బ్యాంకు చెక్కు వచ్చును. మిగులు సొమ్మును గుర్రాన్ని తరలించే వాహనదారునికి పంపమని కొనేవాడు కోరును. చెక్కు సొమ్ము కొద్ది రోజులలోనే ఖాతాలో కనిపించును గాని, అది దొంగ చెక్కని తేలుటకు వారాలు పట్టవచ్చును. అప్పటికి అమ్మినవాడు పంపిన సొమ్ము వాహనదారుడుగా నటించిన మోసగానికే చేరి ఉండును. బ్యాంకు ఆ నష్టమును అమ్మినవాని వద్దనే వసూలు చేయును. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్నట్లు ధర కంటె ఎక్కువ ఇచ్చెదననువాణ్ణి ఏ దేశంలోనైనను నమ్మరాదు.

మన యూపీఐ 2016లో వచ్చినది. దాని సూత్రము అత్యంత సరళము: పిన్ నొక్కుట డబ్బు ఇచ్చుటకే, పుచ్చుకొనుటకు ఎన్నడును కాదు. వ్యక్తుల నడుమ డబ్బు అడిగి రాబట్టే అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుండి నిలిపివేసినారు. ఒక తలుపు మూసిన మాత్రాన దొంగ ఊరుకొనడు. క్యూఆర్ కోడ్ అను కిటికీ ఉండనే ఉన్నది. డబ్బు జమ అయినదని ఫోన్‌కు వచ్చిన సందేశమును కూడ నమ్మరాదు. స్వయముగా ఖాతా చూచుకొనిన పిదపనే కళ్ళెము చేతికీయవలెను.

మోసపోయినచో వెంటనే 1930కి ఫోన్ చేయవలెను. త్వరగా తెలిపినచో సొమ్ము దొంగ ఖాతాలో ఉండగనే నిలుపుటకు అవకాశం కలదు. కంప్యూటరు సాధనముతో వేషము మార్చి మోసగించినవానికి 2000 నాటి ఐటీ చట్టం 66-డి సెక్షన్ క్రింద 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా కలవు. కాని మా మిత్రుని తండ్రి రెండు దినముల వరకు ఎవరికిని చెప్పలేదు. “చదువుకున్న కొడుకు ఉండి మోసపోయితినని నలుగురు నవ్వుదురు” అన్నాడు. సొమ్ము కంటె ఆ సిగ్గే ఆయనను ఎక్కువగా కుంగదీసినది. మోసపోవుట నేరము కాదు. సిగ్గుతో మౌనము వహించిన ప్రతి దినము మోసగానికి బలము.

విద్యార్థి మిత్రులారా, ఆ మాట మనలను గుచ్చవలెను. ఫోన్ వాడుట మనము నేర్పినాము, అపాయము నేర్పలేదు. నేటి సాయంత్రమే ఇంటి పెద్దల ప్రక్కన కూర్చుండి, ఉర్దూలోనో తెలుగులోనో, పిన్ ఎందుకో చెప్పుదము. కళాశాల కమిటీ వారికి మా మనవి ఒక్కటే: ఏటేటా తల్లిదండ్రుల సమావేశంలో ఒక గంట దీనికి కేటాయించి, రెండు భాషలలోను వివరింపజేయగోరుచున్నాము. గుర్రపు పండ్లు చూచి వయస్సు చెప్పగల పెద్దలకు గిరాకీ మాట వినీ నైజము చెప్పగల నేర్పు కష్టము కాదు. చెప్పేవారే కావలెను.