ఇంటర్నెట్ మీద పరిశోధన ఎవరి ప్రశ్నలతో మొదలవ్వాలి?

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర పొద్దున్నే నిలబడి చూడండి. వరంగల్ రోడ్డు మీదుగా పోచారం వెళ్ళే వాహనాల కోసం రెండు రకాల ఆడవాళ్ళు ఎదురుచూస్తుంటారు. మెడలో గుర్తింపు కార్డు వేసుకుని ఇన్ఫోసిస్ ప్రాంగణం వైపు వెళ్ళేవాళ్ళు కొందరు. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని ఇళ్ళల్లో అంట్లు తోమడానికీ, అపార్ట్‌మెంట్లు ఊడవడానికీ వెళ్ళేవాళ్ళు మరికొందరు. ఇంటర్నెట్ గురించి రాసేవాళ్ళ కళ్ళు ఎప్పుడూ మొదటి వాళ్ళ మీదే ఉంటాయి. రెండో వాళ్ళకు ఇంటర్నెట్‌తో పనేమిటనుకుంటాం. నిజానికి వాళ్ళ బియ్యం, పింఛను, పొదుపు సంఘం అప్పు అన్నీ ఈనాడు ఇంటర్నెట్ గుండానే నడుస్తున్నాయి.

పోచారంలో పొదుపు సంఘం సభ్యురాలు ఒకామె నాతో అన్న మాట ఇది: "ఆ నంబరు మా పిలగాని ఫోన్లకే వస్తది మేడం. వాడు డ్యూటీకి పోతే నా పైసలు నాకు రావు." ఆమె చెబుతున్నది ఓటీపీ గురించి. ఖాతా ఆమె పేరు మీదే ఉంది, సంతకం కూడా ఆమె నేర్చుకుంది. తాళం చెవి మాత్రం కొడుకు జేబులో ఉంది. గ్రంథాల్లో మనం చదువుకున్న పితృస్వామ్యం ఆరంకెల రూపంలో వచ్చి కూర్చున్నదన్నమాట.

ఇంటర్నెట్‌నూ సమాజాన్నీ కలిపి అధ్యయనం చేసే విశ్వవిద్యాలయ కేంద్రాలు కొత్తవేమీ కావు. హార్వర్డ్ న్యాయ కళాశాలలో 1990ల చివర్లోనే బెర్క్‌మన్ కేంద్రం వచ్చింది. 2001లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇంటర్నెట్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. మన దేశంలో ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2013లో ఇటువంటి కేంద్రాన్ని పెట్టింది. విశ్వవిద్యాలయానికి బయట బెంగళూరులో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ 2008 నుంచీ పనిచేస్తోంది.

వీటిలో ఆక్స్‌ఫర్డ్ సంస్థ కథ మనం తెలుసుకోదగ్గది. దాని స్థాపనకు ప్రధానంగా డబ్బిచ్చింది స్టెఫనీ షర్లీ నెలకొల్పిన ఫౌండేషన్. నాజీల బారి నుంచి తప్పించుకుని ఐదేళ్ళ వయసులో, 1939లో, ఆమె కాందిశీకురాలిగా ఇంగ్లాండు చేరింది. 1962లో సాఫ్ట్‌వేర్ సంస్థ పెట్టి, పిల్లల కోసం ఉద్యోగాలు మానుకున్న స్త్రీలకు ఇంటి నుంచే పని ఇచ్చింది. స్టెఫనీ అని సంతకం చేసి ఉత్తరాలు రాస్తే జవాబు రాకపోవడంతో "స్టీవ్" అని సంతకం పెట్టడం మొదలుపెట్టింది. మగపేరు పెట్టుకుంటే గాని తలుపు తెరుచుకోని రంగమది. ఆమె డబ్బుతో ఇంటర్నెట్‌ను అధ్యయనం చేసే సంస్థ రావడం గొప్ప విషయమే. అయితే తలుపు దగ్గర ఆగిపోయిన వాళ్ళ అనుభవం నుంచి ఆ రంగాన్ని చూడటం ఎప్పుడు మొదలవుతుంది?

ఈ కేంద్రాలు భావ ప్రకటనా స్వేచ్ఛ గురించీ, గోప్యత గురించీ చేసే పని అవసరమైనదే. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2017లో గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పింది. ఈ తీర్పులు మనకూ కావాలి. కానీ "గోప్యత" అన్న మాట వినగానే స్త్రీవాదులు ఒక్క క్షణం ఆగుతారు. ఇల్లు "సొంత విషయం" కాబట్టి ఎవరూ జోక్యం చేసుకోకూడదంటూనే మన మీద దెబ్బలను దాచిపెట్టారు. 1983లో 498ఎ, 2005లో గృహహింస చట్టం ఆ తలుపులు తెరవడానికే వచ్చాయి. ఇప్పుడు భార్య ఫోను భర్త తీసి చూస్తే అది గోప్యతకు భంగం కాదా? ప్రభుత్వం నుంచీ కంపెనీల నుంచీ మాత్రమే కాపాడే గోప్యత మనకు సగం గోప్యతే.

అంకెలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు దాదాపు 54 శాతం. జీవితంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు 33 శాతం. మగవాళ్ళలో ఈ రెండో అంకె 57. తెలంగాణలో స్త్రీలు 26.5 శాతమే. ఈ అంకెలు పాతబడుతున్న కొద్దీ పెరుగుతాయి, సందేహం లేదు. కానీ వాడారా లేదా అని అడిగే సర్వే, ఎవరి అనుమతితో వాడారు, ఎవరు పక్కన నిలబడి చూశారు అని అడగదు. ఆ ప్రశ్న అడగవలసింది సమాజ శాస్త్రమే.

అసలు ఇంటర్నెట్ వాడనివాళ్ళను కూడా ఇంటర్నెట్ వదలదు. తెలంగాణ ప్రభుత్వం "సమగ్ర వేదిక" పేరుతో వివిధ శాఖల రికార్డులను కంప్యూటర్‌లో కలిపి ఎవరు అర్హులో తేల్చే ఏర్పాటు చేసుకుంది. నోటీసు లేకుండా రేషన్ కార్డులు రద్దయ్యాయన్న కేసులో, 2016 నుంచి తీసేసిన దాదాపు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కార్డు పోయిన ఇంట్లో ఆఖరున తినేదెవరో, తినకుండా పడుకునేదెవరో మనకు తెలుసు. యంత్రం తప్పు చేస్తే ఆ భారం మోసేది స్త్రీలే.

మరి దీన్ని ఎలా అధ్యయనం చేయాలి? మనకు సొంత దారి ఒకటి ఉంది. స్త్రీశక్తి సంఘటన సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలతో మాట్లాడి 1986లో "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చారు. ఆ స్త్రీల మాటలే అక్కడ జ్ఞానం అయ్యాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు అక్షరాలు నేర్చుకుంటూ సారా గురించి చదివారు, చదివి ఊరుకోలేదు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. చదువు తమ బతుకును గురించి మాట్లాడితే ఏమవుతుందో అది చూపించింది. ఇప్పటి "డిజిటల్ అక్షరాస్యత" తరగతులు ఏ బటన్ నొక్కాలో నేర్పుతున్నాయి గాని, ఎందుకు నొక్కమంటున్నారని అడగడం నేర్పుతున్నాయా?

ఉప్పల్ నుంచి తార్నాక వైపు కాస్త దూరం వెళితే ఉస్మానియా విశ్వవిద్యాలయం. పోచారం బస్తీకీ ఆ తరగతి గదులకూ మధ్య దూరం కొలవాల్సింది కిలోమీటర్లలో కాదు. ఇంటర్నెట్ మీద పరిశోధన ఏ విశ్వవిద్యాలయంలో జరిగినా స్త్రీల సంఘాలుగా మనం మూడు షరతులు పెట్టాలి. ప్రశ్నలు తయారు చేసేటప్పుడే బస్తీ స్త్రీలు కూర్చుని ఉండాలి. ఫలితాలు ముందు తెలుగులో, వాళ్ళకు అర్థమయ్యేలా రావాలి. డబ్బు ఏ కంపెనీ ఇచ్చిందో, ఏ ప్రభుత్వ శాఖ ఇచ్చిందో మొదటి పేజీలోనే చెప్పాలి.

మనలోనూ చాలామందిమి సంస్థల తరఫున సర్వేలు చేసి, వివరాలు ఫోన్లో నింపుకుని వెళ్ళిపోతున్నవాళ్ళమే. ఆ వివరాలు ఎక్కడికి వెళతాయో ఇచ్చినామెకు చెబుతున్నామా? పోచారంలో ఆమె నన్ను కూడా అడిగింది, నువ్వు రాసుకున్నది నాకు చదివి వినిపిస్తవా అని. ఈ వ్యాసం అచ్చయ్యాక వెళ్ళి వినిపిస్తాను.