గోపురం ఎత్తు కాదు, మందిరం వరుస

కొత్త చర్చి కడుతున్నారంటే మన ఊళ్లలో ముందు వినిపించేవి గోపురం ఎత్తు, ఏసీ, సౌండ్ సిస్టమ్. సొలొమోను యెరూషలేములో కట్టించిన మందిరమేమో 60 మూరల పొడవు, 20 మూరల వెడల్పు. అంటే దాదాపు తొంభై అడుగులకు ముప్పై. ఇప్పటి ఫంక్షన్ హాళ్ల ముందు చిన్నదే. దాని ఘనతంతా వరుసలో ఉంది. ఆవరణలో మొదట బలిపీఠం, పక్కన కడుక్కోవడానికి ఇత్తడి నీళ్ల తొట్లు. లోపల దీపస్తంభాలు, సముఖపు రొట్టెల బల్ల, ధూపవేదిక. అన్నిటికీ వెనక మందసం ఉన్న అతిపరిశుద్ధ స్థలం. క్రైస్తవుడి బతుకు బాట కూడా ఇదే: పశ్చాత్తాపం, శుద్ధి, వాక్యపు వెలుగు, పంచుకునే రొట్టె, ప్రార్థన, ఆ పైన సన్నిధి. మనమేమో బలిపీఠాన్ని చుట్టు తిరిగి దాటేసి ఆశీర్వాదాల వైపు పరుగు తీస్తున్నాం. ఇంకో సంగతి. రాళ్లను గని దగ్గరే చెక్కి తెచ్చారు కాబట్టి కట్టేచోట సుత్తి చప్పుడే వినపడలేదని రాజుల మొదటి గ్రంథం చెబుతోంది. విశ్వాసులను పేతురు సజీవమైన రాళ్లతో పోల్చాడు. అలాంటప్పుడు మన కోపాలు, పంతాలు ఇంట్లోనే చెక్కుకుని రావాలి. సంఘ కమిటీ మీటింగుకు మోసుకొచ్చి అక్కడ సుత్తులు ఝళిపించకూడదు. హేరోదు విస్తరించిన రెండో మందిరాన్ని క్రీ.శ. 70లో రోమన్లు నేలమట్టం చేసినా సంఘం ఆగిపోలేదు. దేవుని ఆలయం విశ్వాసులేనని పౌలు కొరింథువారికి అప్పటికే రాసి ఉన్నాడు. కాబట్టి బిల్డింగ్ ఫండ్ లెక్క అడిగే ప్రతి సంఘం, ఈ ఏడాది ఎంతమంది పగలు మాని కలిసిపోయారన్న లెక్క కూడా అడగాలి.