లాగిన్ తొందరలో సర్వర్‌ను వీధిన పెట్టకండి

పొద్దున్నే ఆఫీసులో అందరూ ఒకేసారి కంప్యూటర్లు ఆన్ చేస్తారు. పాస్‌వర్డ్ కొట్టాక తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకైతే అసలు కనెక్టే కాదు. ఫోన్ల మీద ఫోన్లు. 'ఏదో ఒకటి చేసి ముందు పని నడిపించవయ్యా' అంటారు పైవాళ్లు. ప్రమాదమంతా ఆ 'ఏదో ఒకటి'లోనే ఉంది. అది చేసేముందు దయచేసి ఈ నాలుగు మాటలు వినండి.

ఆ హడావుడిలో ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. రూటర్‌లో 3389 పోర్టు తెరిచి, సర్వర్ రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు వదిలేస్తారు. 'టెస్టింగ్ కోసమే' అని ఫైర్‌వాల్ ఆపుతారు, మళ్లీ ఆన్ చేయడం మరిచిపోతారు. కనెక్ట్ కాని ఉద్యోగికి డొమైన్ అడ్మిన్ హక్కులు ఇచ్చేస్తారు. ఎనీడెస్క్ పెట్టి, దాని పాస్‌వర్డ్‌ను వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. ఆ పూటకు గండం గట్టెక్కుతుంది. చేసినవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ తెరిచి ఉన్న పోర్టుల కోసం రాత్రింబవళ్లు గాలించే ప్రోగ్రాములకు ఉద్దేశాలతో పనేముంది?

నమ్మకం కుదరకపోతే అలాంటి సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సెక్యూరిటీ లాగ్ చూడండి. 4625 నంబరుతో వరసలు వరసలుగా విఫల లాగిన్లు కనిపిస్తాయి. అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, టెస్ట్, బ్యాకప్... ఆఫీసుకు తాళం వేసి ఉన్న అర్ధరాత్రి కూడా ఎవరో ఒక్కో పేరూ ప్రయత్నిస్తుంటారు. వాటి మధ్య తెలియని చిరునామా నుంచి విజయవంతమైన లాగిన్‌ను చూపే 4624 ఒక్కటి కనబడిందా, లోపలికి వచ్చేశారని అనుమానించాల్సిందే. ఈ తాకిడికి ఉద్యోగుల అకౌంట్లు లాక్ కావచ్చు, సర్వర్ మరింత నెమ్మదించవచ్చు. ఏ ఫిర్యాదు తీర్చాలని పోర్టు తెరిచారో, అదే ఫిర్యాదు మళ్లీ వస్తుంది.

2019 మేలో విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లో బయటపడిన బ్లూకీప్ లోపాన్ని వాడుకుని చొరబడటానికి పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. దాని తీవ్రత చూసి, ఎప్పుడో మద్దతు ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్ బారిన పడితే, రోజుల తరబడి రోగుల నమోదు చేతిరాతతో నడిచింది. దొంగలు ఏ దారిన వచ్చినా నష్టం అంత పెద్దది.

అందుకే పోర్టు జోలికి పోకుండా, లాగిన్ ఎందుకు ఆలస్యమవుతోందో ముందు కనిపెట్టండి. మొదట డీఎన్‌ఎస్ చూడండి. డొమైన్‌లోని కంప్యూటర్‌కు డీఎన్‌ఎస్‌గా డొమైన్‌కు చెందిన సర్వర్ చిరునామాయే ఉండాలి. నెట్ బాగా వస్తుందని ఎవరో గూగుల్ డీఎన్‌ఎస్ 8.8.8.8 పెట్టి ఉంటారు. మీ డొమైన్ కంట్రోలర్ ఎక్కడుందో గూగుల్‌కేం తెలుసు? సరైన జవాబు దొరక్క విండోస్ అలా ఎదురుచూస్తూ కూర్చుంటుంది. తర్వాత గడియారం చూడండి. సర్వర్‌కూ కంప్యూటర్‌కూ 5 నిమిషాలకు మించి తేడా వస్తే, లాగిన్‌ను ధ్రువీకరించే కెర్బెరోస్ మామూలుగా ఒప్పుకోదు. ఎప్పుడో తీసేసిన సర్వర్ మీది డ్రైవ్‌లు, లేని ప్రింటర్లు, సినిమాలతో ఉబ్బిన రోమింగ్ ప్రొఫైళ్లు కూడా లాగిన్‌ను ఈడుస్తాయి. వీటిలో ఏ ఒక్కదానికీ పోర్టు తెరవనక్కర్లేదు.

బయటి నుంచి పని తప్పదంటే వీపీఎన్ మీదుగా రానివ్వండి. పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్ ధ్రువీకరణ కూడా పెట్టండి. అడ్మిన్ అకౌంట్‌ను రోజువారీ పనికి వాడకండి. బ్యాకప్ ఒక కాపీ నెట్‌వర్క్‌కు తగలకుండా దాచండి. 2023 అక్టోబరుతో విండోస్ సర్వర్ 2012కు, 2025 అక్టోబరుతో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. వాటి సంగతి వాయిదా వేయకండి.

దాడి జరిగిందని అనుమానం వస్తే ముందు నెట్‌వర్క్ కేబుల్ పీకండి. కంగారుపడి ఫార్మాట్ చేయకండి, ఆధారాలు పోతాయి. ఇలాంటి దాడిని గుర్తించిన 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలన్నది 2022 నుంచి ఉన్న నిబంధన. పరువు పోతుందని దాచిపెట్టకండి.

పైవాళ్లకూ ఒక విన్నపం. కారణం వెతకడానికి మీ ఐటీ కుర్రాడికి ఒక పూట సమయం ఇవ్వండి. తొందరపెట్టి తప్పుదారి పట్టించకండి. ఐటీ మిత్రులారా, ఇవాళ ఇంటికి బయల్దేరేముందు రూటర్ సెట్టింగులు ఒకసారి చూడండి. 3389 బయటికి తెరిచి ఉంటే, మూసేశాకే కదలండి.