ఖాళీ బల్ల

పిల్లలూ! సెలవుల్లో మీ తరగతి గదిలోకి ఎప్పుడైనా తొంగి చూశారా? బల్లలన్నీ బోసిపోయి ఉంటాయి. ముప్ఫయ్యేళ్లకు పైగా బడిలో పనిచేసినవాణ్ణి గనక, ఖాళీ బల్ల కనిపిస్తే నాకు తోచదు. దానిమీద ఎవరినో ఒకరిని కూర్చోబెట్టాలనిపిస్తుంది. కిందటి సంవత్సరం అలాంటి ఖాళీ బల్ల ఒకటి నాకు ఇంగ్లండులో తటస్థపడింది. దానిమీద కూర్చోబెట్టవలసింది పిల్లల్ని కాదు, మొక్కల్ని!

మా అమ్మాయి రెడింగ్ అనే ఊళ్లో ఉంటుంది. ఏప్రిల్ నెలలో నేను అక్కడికి వెళ్లాను. వాళ్ల పెరట్లో ఒక అద్దాల గది ఉంది. గోడలూ, కప్పూ అన్నీ అద్దాలే. దాన్ని గ్రీన్‌హౌస్ అంటారు. లోపల రెండు పక్కలా నడుమెత్తు బల్లలు. ఏప్రిల్‌లో వాటిమీద చెయ్యి పెట్టటానికైనా చోటు లేదు. టమాటా నారు, బంతి నారు కిటకిటలాడుతున్నాయి. అక్కడ మే నెలలో కూడా కొన్ని రాత్రులు నీరు గడ్డకట్టేంత చలి వేస్తుంది. లేత నారు ఆ చలికి తట్టుకోలేదు. అందుకని అద్దాల చాటున పెంచుతారు. మే చివర పగలు బయటా, రాత్రి లోపలా ఉంచి, బయటి గాలికి అలవాటు చేసి, తరవాత మళ్లలో నాటేస్తారు. జూన్ వచ్చేసరికి బల్లలు ఖాళీ!

"తాతయ్యా, ఇక ఈ బల్లలతో పనిలేదుట. పాత సామాన్లు పెట్టుకుందామంటోంది అమ్మ," అన్నది పదేళ్ల మా మనుమరాలు.

"నిజంగా ఖాళీయేనా? చూద్దాం పద," అని ఆ పిల్ల చేతికి ఉష్ణమాపకం ఇచ్చాను. మధ్యాహ్నం బయట 20 డిగ్రీలు. బల్లమీద 31 డిగ్రీలు!

"చూశావా? బల్ల ఖాళీగా లేదు. దానిమీద మన ఊరి వేడి కూర్చుని ఉంది. ఆ వేడి ఎవరికి కావాలో వాళ్లను పిలుద్దాం," అన్నాను.

ఆ పిల్ల ఇంట్లోకి పరుగెత్తి ఒక పొట్లం తెచ్చింది. అందులో ఉన్నవి గోంగూర విత్తనాలు. తను దాచుకున్న డబ్బుతో అక్కడి కొట్లోనే కొన్నది. (మన దేశంనుంచి విత్తనాలు తీసుకుపోవాలంటే అనుమతి పత్రాలు ఉండాలి. విత్తనాల వెంట తెగుళ్లు దేశాలు దాటకుండా ఆ కట్టడి.) పొట్లంలో 40 గింజలు. మే మొదట్లో పదింటిని పెరట్లో విత్తితే ఒక్కటీ మొలవలేదు. చల్లటి తడిమట్టిలో కుళ్లిపోయాయి. మిగిలిన 30 గింజలను ట్రేలో విత్తి బల్లమీద పెట్టాము. వారం తిరిగేసరికి 26 మొలిచాయి. పక్క ట్రేలో ధనియాలు నలిపి చల్లాము.

ఇక నా తప్పు చెప్పాలి. ఒక రాత్రి చలిగా ఉన్నదని కప్పులోని కిటికీ మూశాను. తెల్లవారి తెరవటం మరిచి, పత్రిక చదువుకుంటూ కూర్చున్నాను. మబ్బు విడిచి ఎండ కాసింది. మధ్యాహ్నం వెళ్లి చూస్తే లోపల 45 డిగ్రీలు! నారు వేడినీళ్లలో ముంచి తీసినట్టు వాలిపోయింది. గబగబా కిటికీ, తలుపు తెరిచి నీళ్లు పోశాను. సాయంత్రానికి 11 మొక్కలు మాత్రం తల ఎత్తాయి. 15 పోయాయి.

పిల్ల బడినుంచి వచ్చే వేళయింది. ఏదైనా సాకు చెబుదామా అని నాకు ఒక్క క్షణం అనిపించింది. నిజం చెప్పమని జీవితమంతా పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి! "కిటికీ తెరవటం మరిచాను తల్లీ, తప్పు నాది," అన్నాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "అంత వేడి ఎందుకయింది తాతయ్యా?" అని అడిగింది.

ఎండ అద్దంలోంచి లోపలికి వచ్చి మట్టినీ, బల్లనూ వేడిచేస్తుంది. వాటికి తగిలిన గాలి వేడెక్కి పైకి లేస్తుంది. ఆరుబయట అయితే ఆ వేడిగాలి పైకి పోయి, దాని చోటికి చల్లగాలి వస్తుంది. అద్దాల గదిలో కప్పు అడ్డం. వేడిగాలికి పోయే దారి ఉండదు. కొత్త ఎండ మాత్రం వస్తూనే ఉంటుంది. కప్పులో కిటికీ పెట్టింది అందుకే.

మర్నాటినుంచి కిటికీ తెరిచే పని ఆ పిల్లే తీసుకున్నది. ఎండవైపు అద్దాలకు పలచని తెల్లగుడ్డ కట్టాము. ఎండ ముదిరినప్పుడు నేలమీద నీళ్లు చల్లాము. తడి ఆరేటప్పుడు గాలిలోని వేడిని తీసుకుంటుంది. మన ఇళ్లలో వేసవిలో వట్టివేళ్ల తడికలు కట్టి తడిపేది ఇందుకే గదా!

జూలై చివరకు గోంగూర నా నడుము దాకా ఎదిగింది. పచ్చడి చేసుకున్నాము, పప్పులో వేసుకున్నాము. కాని కొత్తిమీర సంగతి వేరు. నాలుగు ఆకులు కోసుకునేలోపలే కాడ లేచి పూత పూసింది. ఒకే బల్ల, ఒకే ఎండ. ఒకటి పూతకు తొందరపడింది, ఒకటి పూత మాటే తలపెట్టలేదు. ఎందుకని?

జూన్ 21న రెడింగ్‌లో పగలు 16 గంటల 30 నిమిషాలకు మించి ఉంటుంది. మన తెలుగునాట ఆనాటి పగలు సుమారు 13 గంటలే. పగళ్లు పొడుగైతే కొత్తిమీర త్వరగా పూస్తుంది. గోంగూర పగళ్లు కురచ అయితేగాని పూయదు. ఇలా పగటి పొడుగునుబట్టి మొక్కలు పూస్తాయని 1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే శాస్త్రజ్ఞులు వెల్లడించారు. వాళ్లు కుండీల్లోని మొక్కలను రోజూ కొన్ని గంటలు చీకటి గదిలో పెట్టి ఈ సంగతి కనిపెట్టారు.

నేను సెప్టెంబరులో తిరిగి వచ్చేశాను. నవంబరులో మనుమరాలు ఉత్తరం రాసింది: "తాతయ్యా, అక్టోబరులో గోంగూరకు నాలుగు మొగ్గలు వచ్చాయి. కాయ కట్టకముందే చలికి మొక్కలు చచ్చిపోయాయి. విత్తనాలు రాలేదు. కొత్త పొట్లం కోసం డబ్బు దాస్తున్నాను. ఈసారి అన్నీ బల్లమీదే విత్తుతాను. కిటికీ తెరవాలని తలుపు మీద కాగితం అంటించాను. అది నీ కోసమే!"

పిల్లలూ, మీ ఇంట్లోనూ ఖాళీ చోట్లు ఉంటాయి: డాబా మూల, కిటికీ గట్టు, బావి పక్క. ఊరికే ఏదో ఒకటి నాటకండి. అక్కడ ఎంతసేపు ఎండ పడుతుందో, ఎంత వేడో, ఎంత తడో వారంరోజులు చూసి రాసుకోండి. తరవాత తగిన మొక్కను పిలవండి.

ఒక పరీక్ష కూడా చేయండి. తొలకరిలో రెండు కుండీల్లో గోంగూర విత్తండి. మొక్కలు జానెడు ఎదిగాక, ఒకదానిమీద రోజూ సాయంత్రం 5 గంటలకు అట్టపెట్టె బోర్లించి, పొద్దున 7 గంటలకు తీసెయ్యండి. వెలుతురు చొరకూడదు. రెండో కుండీని అలాగే వదిలెయ్యండి. ఏది ముందు మొగ్గ తొడిగిందో నాకు రాయండి.

పొద్దున్నే పెట్టె తియ్యటం మాత్రం మరిచిపోకండి. ఆ తప్పు ముసలివాణ్ణి నేను చేశాను, అది చాలు!