క్షారానికి ఓర్చే పొర: మన ప్రయోగశాలలు చేయదగిన పని

కరీంనగర్, ఆదిలాబాద్ రైతులకు చిరపరిచితమైన రామగుండం ఎరువుల కర్మాగారం యూరియాకు కావలసిన హైడ్రోజన్‌ను సహజవాయువు నుండి తీస్తున్నది. దానిని నీటి నుండి తీయడమూ కొత్త ఆలోచన కాదు. 1960వ దశకంలోనే పంజాబ్‌లోని నంగల్ కర్మాగారం భాక్రా విద్యుత్తుతో నీటిని విశ్లేషించి అమ్మోనియా తయారుచేసింది. ఆ క్షార విద్యుద్విశ్లేషణకు ఎదురుదిశలో నడిచేదే క్షార ఇంధన ఘటం. హైడ్రోజన్‌ను తీసుకొని విద్యుత్తునిస్తుంది. ప్లాటినం బదులు నికెల్ వంటి చవక లోహాలకు ఇందులో చోటున్నది. సౌర పంపులకు తోడుగా ఇవి రేపు మన క్షేత్ర ప్రదర్శనలకు రావచ్చు.

చిక్కంతా పొరలో ఉన్నది. పాలిమర్ పొరలోని చతుర్థక అమ్మోనియం సముదాయాలే హైడ్రాక్సైడ్ అయాన్లను దాటిస్తాయి; ఆ అయాన్ల దాడికి విరిగేవీ అవే. చుట్టూ నీరు చాలినంత ఉంటే హైడ్రాక్సైడ్ తీవ్రత అణగి ఉంటుంది, పొర ఆరితే విజృంభిస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మరో బెడద. మూత తీసిన సున్నపు తేటపై తెట్టు కట్టినట్లు, పొరలోని క్షారం కార్బొనేటుగా మారి అయాన్ల ప్రయాణం మందగిస్తుంది. ఇది చాలావరకు సరిదిద్దదగినదే. విరిగిన సముదాయం మాత్రం తిరిగి అతకదు. పైపెరిడీనియం వలయాలు, ఈథర్ బంధాలు లేని పాలిమర్లు మన్నికను పెంచాయి. కాని ఆ మన్నికను ఎక్కువగా పొరను క్షారద్రావణంలో ముంచి కొలుస్తున్నారు. అది నీటికి కొదవలేని స్థితి. మే నెల రామగుండం వడగాలి సంగతి అది చెప్పదు.

ఏ వరి వంగడాన్నీ ఒక్క మడిలో, ఒక్క సీజనులో చూసి మనం విడుదల చేయము. తొలిరోజు వాట్ల పట్టికను నమ్మి ఇంధన ఘటాన్ని రైతు ముందు నిలపడం నాకు సమ్మతం కాదు. పంపు ఆగిననాడు రైతు నిలదీసేది విస్తరణ శాస్త్రవేత్తనే.

జగిత్యాల, ఆదిలాబాద్ పరిశోధన స్థానాలలో చిన్న ఘటాలను స్థానిక గాలితో ఏడాది పొడవునా నడిపి, సీజనుకొకసారి పొర ముక్కలను పరీక్షించాలని నా సూచన. పొరను ఊరకే గాలిలో ఆరబెడితే చాలదు. కార్బొనేటుగా మారి, లేని మన్నికను చూపుతుంది. పరీక్ష మృత్తికా శాస్త్ర విద్యార్థికి పరిచితమైనదే: వినిమయ సామర్థ్యం, కాకపోతే ఇక్కడ ఋణ అయాన్లది. పొరను క్లోరైడ్ రూపంలోకి మార్చి, నైట్రేట్‌తో ఆ క్లోరైడ్‌ను వెలికితీసి, సిల్వర్ నైట్రేట్‌తో టైట్రేట్ చేయాలి. సాగునీటిలో క్లోరైడ్‌ను మనం అంచనా కట్టేది ఈ పద్ధతిలోనే. హైడ్రోజన్ సిలిండర్ల భద్రతకు మాత్రం రసాయన ఇంజనీర్ల సహాయం తప్పనిసరి.