దాళ్వా చివరి తడికి ఇంజన్ వేడి అడ్డు

గోదావరి డెల్టా శివారు ఆయకట్టులో దాళ్వా వరి పాలుపోసుకునే దశకు కాలువ నీరు తరచు వంతులవారీగానే అందుతుంది. వంతు చాలని రైతు మురుగు కాలువ గట్టున ఇంజన్ పెట్టి నీరు తోడుకుంటాడు. మిట్టమధ్యాహ్నం ఆ పాత ఇంజన్ ఆగిపోతే పెట్రోలు కల్తీ అనో, కార్బురేటర్ చెడిందనో అనుకుంటాం. వేడిని మాత్రం అనుమానించం.

పెట్రోలుతో మొదలై కిరోసిన్‌తో నడిచే పాత ఇంజన్లు అనేకం పొగగొట్టం వేడి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు తగిలేలా నిర్మితమయ్యాయి. సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వద్ద మరగనారంభించే కిరోసిన్‌కు ఆ వేడి అవసరం. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల ప్రాంతంలోనే మరుగుతాయి. కిరోసిన్ దొరకక అదే ఇంజన్‌ను పూర్తిగా పెట్రోలుపై నడిపితే గొట్టంలో ఆవిరి బుడగలు ఏర్పడి ఇంధన ప్రవాహం తెగుతుంది. డీజిల్ ఇంజన్లలో ఈ ఆవిరి అడ్డంకి అరుదు. అయితే వేడెక్కి పలుచబడిన డీజిల్ అరిగిన పంపులో లోలోపలే కారిపోయి, ఇంజెక్టర్‌కు చేరే మోతాదు తగ్గుతుంది.

నివారణ ఖరీదైనది కాదు. ఇంజన్‌ను చెట్టు నీడన నిలపాలి. ఇంధన గొట్టాన్ని పొగగొట్టానికి దూరంగా మళ్లించాలి. శీతలీకరణ రెక్కల మధ్య బురద తీయాలి. వీలైనంతవరకు తెల్లవారుజామున తోడాలి. కాగిన ఇంజన్‌పై చన్నీళ్లు పోస్తే పోత ఇనుము పగలవచ్చు.

ఆ ఒక్క తడి తప్పితే తాలు గింజలు పెరుగుతాయి. కనుక ఇది మెకానిక్‌కు వదిలివేయదగిన విషయం కాదు, సస్యశాస్త్ర విషయమే. మన దాళ్వా సాగు సిఫారసులలో ఎరువుల మోతాదు పక్కనే ఇంజన్ సంరక్షణకూ ఒక పుట కేటాయించాలి.