గేమ్స్ ఫీజు కట్టారు, గ్రౌండు చూశారా?

యూనివర్శిటీలో సీటొచ్చింది. హాస్టల్లో గదీ దొరికింది. సంతోషం! ఇప్పుడొకసారి ఆ ఫీజు రసీదు తీసి చూడండి. చాలాచోట్ల అందులో గేమ్స్ ఫీజు అనో, స్పోర్ట్స్ ఫీజు అనో ఒక పద్దు ఉంటుంది. డబ్బు కట్టారు సరే, గ్రౌండు ఏ దిక్కున ఉందో మీకు తెలుసా?

"అది టీములో ఆడేవాళ్లది కదండీ, మాకెందుకు?" అంటారు చాలామంది. పొరపాటంతా ఇక్కడే ఉంది. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్లేది పిడికెడు మంది. ఆరోగ్యం కావలసింది అందరికీ. ఫిజికల్ డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లి, "నాకు ఆట రాదండీ, నేర్చుకుంటాను" అనండి. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. బాల్ బ్యాడ్మింటనో, వాలీబాలో, కబడ్డీయో, ఏదైనా ఫరవాలేదు. మీకు నచ్చినదే మంచి ఆట.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఎముకల్లో బలం చేరేది ఇంచుమించు పాతికేళ్లు దాటేవరకే. ఆ తర్వాత జీవితమంతా ఆ నిల్వలోంచి ఖర్చు పెట్టుకోవడమే! పద్ధెనిమిదేళ్లు నిండినవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మాదిరి శ్రమగానీ, 75 నిమిషాలు గట్టి శ్రమగానీ చెయ్యాలనీ, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కూడా ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. 150 నిమిషాలంటే ఎంత? వారం మొత్తానికీ ఒక్క సినిమా చూసేంత సమయం.

అయితే ఆరంభశూరత్వం వద్దు. మొదటి రోజే గ్రౌండు చుట్టూ పది రౌండ్లు కొట్టి, మర్నాడు మంచం దిగలేక మానేసేవారిని ఎందరినో చూశాం. మొదటి వారం వేగంగా నడవండి. తర్వాత కొంచెం నడక, కొంచెం పరుగు. ఆటకు ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించండి. ఎండాకాలంలో ఉదయమో, సాయంత్రమో ఆడండి. దాహం వేస్తే ఆట ఆపి నీళ్లు తాగండి. ఉప్పు వేసిన మజ్జిగ అయితే మరీ మంచిది. జ్వరం ఉన్న రోజున మాత్రం గ్రౌండు జోలికి పోకండి.

అమ్మాయిలకొక మాట. నెలసరి రోజుల్లో ఆడితే ఏదో అయిపోతుందన్న భయం అక్కరలేదు. ఒంట్లో ఓపిక ఉంటే నిక్షేపంగా ఆడవచ్చు. కానీ నాలుగడుగులు వేస్తేనే ఆయాసం, మొహం పాలిపోవడం ఉంటే రక్తహీనత కావచ్చు. "నాకు ఆటలు పడవు" అని మీకు మీరే తీర్పు చెప్పుకోకుండా, ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి.

కాలు బెణికితే వెంటనే తైలం పోసి తోమడం, వేడి కాపడం పెట్టడం మన అలవాటు. దానివల్ల వాపు పెరుగుతుంది. ఐసుముక్కలు గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టండి. క్రేప్ బ్యాండేజీ చుట్టి, కాలు దిండు మీద ఎత్తుగా ఉంచండి. నాలుగడుగులు కూడా వెయ్యలేకపోతే ఎక్స్‌రే తీయించవలసిందే. కట్టు సంగతి ఆ తర్వాత.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. పరుగెత్తుతూండగా గుండెలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, "పొద్దున్నుంచి ఏమీ తినలేదు, అందుకే" అని సర్దిచెప్పుకోకండి. మీ కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే మరీ జాగ్రత్త. పుట్టుకతో వచ్చిన గుండె జబ్బు కొందరిలో ఇలాగే మొదటిసారి బయటపడుతుంది. డాక్టరుకు చూపించి, ఇ.సి.జి., ఎకో పరీక్షలు అయ్యేదాకా ఆట ఆపండి. ఇంట్లో కంగారుపడతారని దాచిపెట్టకండి.

పక్కవాడు పడిపోయి, పిలిచినా పలక్క, ఊపిరి సరిగా తీయకపోతే? ఒకరు 108కి ఫోను చెయ్యండి. మరొకరు ఛాతీ మధ్య రెండు చేతులూ ఆనించి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకండి. ఇది నేర్పమని మీ క్లబ్బువాళ్లే ఒక డాక్టరును పిలిపించుకోవచ్చు.

మరింకేం? ఇవాళ సాయంత్రం క్లాసులయ్యాక నేరుగా గదికి పోకండి. ఆ గ్రౌండు ఎక్కడుందో చూసి రండి. ఫీజు మీరు కట్టిందే కదా!